తాళం వేసిన బెంచీల ముందు పదేళ్లు

మొదటి ప్రసంగమే బాగా కుదిరిన యువ సంఘ కాపరిని, అంటే పాస్టరును, చూస్తే నాకు లోలోపల కొంచెం దిగులు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నలుగురు చేరి "వాక్యం చాలా బాగా చెప్పారండీ అయ్యగారూ" అంటారు. తల నెరిసినవాళ్లు వచ్చి పాతికేళ్ల యువకుణ్ని అయ్యగారూ అని పిలుస్తుంటే ఎవరికైనా బాగానే ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. వచ్చే ఆదివారం కూడా ఆ మాట వినాలనిపిస్తుంది. ఆ పై ఆదివారం కూడా. కొన్నేళ్లు గడిచేసరికి ఆయన వాక్యం చెబుతున్నది సంఘం కోసం కాదు, గుమ్మం దగ్గర వినబడే ఆ మాట కోసం.

నలభై ఏళ్లుగా వెనక వరసలో కూర్చుని ప్రసంగాలు వింటున్నవాడిని. మధ్యలో కొన్నాళ్లు మా సంఘం లెక్కల పుస్తకం కూడా రాశాను. మంచి ప్రసంగీకుడు కావడం ఒక విద్య, సేవలో చివరిదాకా నిలవడం వేరొక విద్య అని మనవాళ్లు అనుకుంటారు. మొదటిది వరమట, రెండోది ఓర్పట. అందుకే బోధించడం నేర్పే తరగతులు ఒక పక్క, సేవలో అలసిపోయినవాళ్లను ఓదార్చే సదస్సులు మరో పక్క జరుగుతుంటాయి. నాకు తోచినంతలో ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. ప్రసంగం ఎవరి మెప్పు కోసం తయారవుతోందో చూస్తే, ఆ సేవ ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు చెప్పవచ్చు. ఈ సంగతి విప్పి చూపడానికి దూరదేశపు కథ ఒకటి పనికొస్తుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణం నడిబొడ్డున హోలీ ట్రినిటీ అనే చర్చి ఉంది. 1782లో అక్కడి కాపరి చనిపోయాడు. సహాయ కాపరిగా పనిచేస్తున్న హామండ్ ఆ స్థానంలోకి రావాలని సంఘస్థులు కోరుకున్నారు. బిషప్పు మాత్రం చార్లెస్ సిమియోను అనే ఇరవై మూడేళ్ల యువకుణ్ని నియమించాడు. ఆ కాలపు చర్చిల్లో కూర్చునే బెంచీలు మన బెంచీల్లాంటివి కావు. చుట్టూ చెక్క పలకలు, ఒక చిన్న తలుపు, తలుపుకు తాళం ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో కుటుంబం సొంతమన్నట్టుగా ఉండేది. సంఘస్థులు ఆ తలుపులకు తాళాలు వేసి ఇళ్లలో కూర్చున్నారు. తాము రారు, వచ్చినవాళ్లను కూర్చోనివ్వరు. సిమియోను సొంత డబ్బుతో బల్లలు తెప్పించి నడవల్లో వేయిస్తే, చర్చి పెద్దలు వాటిని తీసి ఆవరణలో పారేయించారు. వచ్చినవాళ్లు నిలబడే విన్నారు.

అంతటితో ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం ప్రసంగించే మనిషిని ఎన్నుకునే హక్కు సంఘానిది. ఆ పనిని అయిదేళ్లు హామండ్‌కూ, తర్వాత ఏడేళ్లు మరొకరికీ అప్పగించారు కానీ తమ కాపరికి ఇవ్వలేదు. ఆయన సాయంత్రపు ఆరాధన పెడితే చర్చి తలుపులకే తాళం పడింది. విశ్వవిద్యాలయ విద్యార్థుల వేళాకోళం సరేసరి. మధ్యాహ్నపు ప్రసంగం ఆయన చేతికి వచ్చేసరికి 1794 అయింది.

మన ఊళ్లో ఇలా జరిగితే ఏమవుతుందో తెలిసిందే. మూడో నెలకల్లా పక్క వీధిలో రేకుల షెడ్డు లేస్తుంది, దాని మీద కొత్త బోర్డు, బోర్డు మీద కాపరి ఫోటో. కొందరికి నిజంగానే వేరే దారి ఉండదు, వాళ్లను తప్పుపట్టను. సిమియోను మాత్రం విశ్వాసం, ఓర్పు తప్ప దీనికి మందు లేదనుకున్నాడు. ప్రభువు దాసుడు జగడమాడకూడదని శిష్యుడైన తిమోతికి అపొస్తలుడైన పౌలు రాసిన మాటను పదేపదే తలుచుకునేవాడు. వినేవాళ్లు సగమే అయినా, ఆ సగం మందికి రెట్టింపు ఆశీర్వాదం అందితే లెక్క సరిపోతుందని తనకు తాను చెప్పుకున్నాడు. అదే చర్చిలో 1836 నవంబరులో చనిపోయేదాకా ఉన్నాడు. మొత్తం 54 ఏళ్లు. అంత్యక్రియల నాడు, సంత రోజైనా సరే, ఊళ్లో దుకాణాలు మూసేశారట.

ఈ కథ చెప్పగానే యువ సేవకులు ఒక ప్రమాదకరమైన పాఠం పట్టుకుంటారు: "నన్నూ ఎదిరిస్తున్నారు కాబట్టి నేనూ సరైన దారిలోనే ఉన్నాను." కాదు. సంఘం తాళం వేసుకోవడానికి వాక్యం మీద పగ ఒక కారణం కావచ్చు, కాపరి నోటిదురుసు ఇంకో కారణం కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. సిమియోను విషయంలో రెండోది కూడా ఉంది. ఆయన కోపిష్టి, కొంత డాబు మనిషి కూడా. ఒకసారి మిత్రుడి ఇంట్లో పనివాడు పొయ్యిలో నిప్పు సరిగా ఎగదోయలేదని చిందులు తొక్కాడు. ఆ మిత్రుడు మారుపేరుతో, ఆ పనివాడు రాసినట్టుగా ఒక ఉత్తరం రాసి ఆయన సంచిలో పెట్టాడు. ప్రేమను గురించి అంత బాగా బోధించే మనిషికి ఇంత చిన్న విషయానికి అంత కోపమేమిటన్నది దాని సారాంశం. సిమియోను జవాబు రాసి, కింద "గర్విష్ఠి, చిరాకు మనిషి అయిన చార్లెస్" అని సంతకం చేశాడు. నన్నడిగితే ఆయన రాసిన 21 సంపుటాల ప్రసంగ ప్రణాళికల కంటే ఆ ఒక్క సంతకమే విలువైనది.

ఆ మనిషి మెత్తబడడానికి ఇంకొకరి పెద్దరికం కూడా పనిచేసింది. కేంబ్రిడ్జికి కొద్ది మైళ్ల దూరంలో యెల్లింగ్ అనే పల్లెలో హెన్రీ వెన్ అనే వృద్ధ కాపరి ఉండేవాడు. సిమియోను గుర్రమెక్కి తరచూ ఆయన దగ్గరికి వెళ్లేవాడు. మొదటి రోజుల్లో ఒకసారి వచ్చి వెళ్లాక, ఈయన మాటతీరు కటువుగా ఉందని వెన్ కూతుళ్లు తండ్రితో అన్నారు. ఆయన వాళ్లను తోటలోకి పంపి ఒక పీచు పండు కోసుకు రమ్మన్నాడు. ఇంకా పచ్చికాయలే కదా అని వాళ్లు తెల్లబోయారు. ఇప్పుడు పచ్చివే, కాస్త ఎండ, నాలుగు జల్లులు పడితే తియ్యనవుతాయి, సిమియోను సంగతీ అంతే అన్నాడాయన. ఈ ముచ్చటలో నేను చూసేది పండును కాదు, వెన్‌ను. ఇరవై మూడేళ్ల కాపరి కటుత్వాన్ని ఓర్చుకుని, అవసరమైనప్పుడు నిలదీసే పెద్దమనిషి ఒకడు గుర్రం దూరంలో ఉండడం. మన స్వతంత్ర సంఘాల్లో ఇవాళ ఎక్కువగా కరవైంది ఇదే. కాపరే స్థాపకుడు, కాపరే అధ్యక్షుడు, భార్య కార్యదర్శి, బావమరిది కోశాధికారి. ఆయనకు "అయ్యగారూ, ఇది తప్పండీ" అని చెప్పగలిగేవారు ఎవరూ మిగలరు. బాగా మాట్లాడగలిగినవాడికి ఈ ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే తన తప్పును కూడా బాగా సమర్థించుకోగలడు.

ఇక ప్రసంగం తయారీకి వద్దాం. సిమియోను రాసిన ప్రసంగ ప్రణాళికలు 21 సంపుటాల్లో 2,536 ఉన్నాయి. ఒక్కోదానికి పన్నెండు గంటలకు తక్కువ పట్టేది కాదని ఆయన చెప్పుకునేవాడు. విశ్వవిద్యాలయంలో సేవకు సిద్ధమవుతున్న విద్యార్థులకు ప్రసంగం అల్లడం నేర్పేవారెవరూ లేరని, వాళ్లను తన గదికే పిలిచి నేర్పాడు. ఒక వచనం ఇచ్చి తయారుచేసుకు రమ్మనేవాడు, తెచ్చినదాన్ని అందరిముందూ విప్పి చూపేవాడు. ఆయన పట్టు ఒకటే: లేఖనంలో ఉన్నదాన్ని బయటికి తీయాలి, ఉండి ఉంటుందని మనకు తోచినదాన్ని అందులోకి దూర్చకూడదు. తయారైన ప్రసంగానికి మూడు ప్రశ్నలు వేసుకోమనేవాడు. ఇది పాపిని తగ్గిస్తోందా, రక్షకుణ్ని హెచ్చిస్తోందా, పరిశుద్ధతను పెంచుతోందా? నాలుగో ప్రశ్న, అంటే బోధకుణ్ని హెచ్చిస్తోందా అన్నది, ఆయన అడగలేదు. మన బోధలు చాలావాటికి ఆ నాలుగోదాంట్లోనే మంచి మార్కులు వస్తాయి.

ఒకసారి ఆయన ప్రసంగం వింటున్న చిన్నపిల్ల తల్లిని అడిగిందట: "అమ్మా, ఆయన ఎందుకు అంత కోపంగా ఉన్నాడు?" మైకు పట్టిన ప్రతి యువకుడూ ఈ పిల్ల ప్రశ్నను గుర్తుంచుకోవాలి. గొంతు పెంచితే అభిషేకం దిగినట్టు కాదు. విషయం అయిపోయిన చోటల్లా "హల్లెలూయ" అనిపించడం, "పక్కవారితో చెప్పండి" అని పక్కకు తిప్పడం వినేవాళ్లకు తెలియని కిటుకులేమీ కావు. మేము మర్యాదకు తిరిగి చెబుతాం, అంతే. ఎదురీదలేని ఓడ కథ, గద్దపిల్ల కథ, రైలు కింద కొడుకును వదిలిన తండ్రి కథ నేను కనీసం పదేసి మంది నోట విన్నాను. ప్రతి ఒక్కరూ అది నిన్ననే తెలిసినట్టు చెప్పారు. ఫోనులో విన్న ప్రసంగాన్ని ఆదివారం అప్పజెబితే నలభై నిమిషాలు గడుస్తాయి, నిజమే. కానీ వారమంతా ఆ వచనంతో పెనుగులాడినవాడి మాటకూ, శనివారం రాత్రి దించుకున్న మాటకూ తేడా వెనక బెంచీకి కూడా తెలుస్తుంది. పైగా అరువు సరుకు త్వరగా అయిపోతుంది. ఆరేళ్లకల్లా కొత్త సంఘం వెతుక్కోవలసి రావడానికి అదీ ఒక కారణమే: పాత ప్రసంగాలకు కొత్త చెవులు కావాలి.

తెలుగులో బోధించేవారికి ఇంకో చిక్కు ఉంది. మన బైబిలు భాష గ్రాంథికం. దాన్ని చదువుతూ పెరిగిన యువకుడు ప్రసంగంలోనూ "చేయుచున్నాడు, పలుకుచున్నాడు" అంటుంటే వినడానికి పవిత్రంగా ఉంటుంది, కానీ "ప్రోక్షించు" అంటే ఏమిటో, "నీతిమంతుడుగా తీర్చబడుట" అంటే ఏమిటో సంఘంలో సగం మందికి తెలియదు. తల ఊపుతారు. నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి వినిపించి, జనులు గ్రహించేలా అర్థం చెప్పారని ఉంది. చదవడం ఒక పని, అర్థం చెప్పడం మరో పని. మనం మొదటిదాన్నే గొంతు మార్చి రెండుసార్లు చేస్తాం. ఈ విషయంలో నాకు నచ్చే మనిషి అజరయ్య. పుట్టుక తమిళనాట, 1874లో. పట్టణంలో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థలో కార్యదర్శి ఉద్యోగం వదిలి 1909లో దోర్నకల్లుకు వచ్చాడు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని పల్లె జనానికి బోధించాడు. 1912లో బిషప్పు అయ్యాక కూడా ఎడ్లబండి మీద ఊళ్లు తిరగడం మానలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే కన్నుమూశాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత, తమ చేతిని తమ తల మీదే పెట్టించి, "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని పలికించేవాడు. అది పౌలు కొరింథీయులకు రాసిన మాట, మామూలుగా బోధకులు తమ గురించి చెప్పుకునేది. దాన్ని ఆయన కూలివాళ్ల నోట పెట్టాడు.

పన్నెండు గంటల అధ్యయనం అనగానే గదిలో తలుపు వేసుకుని కూర్చోవడం అనుకోవద్దు. ఒక కరువు కాలంలో సిమియోను చుట్టుపక్కల పల్లెల్లో పేదలకు సగం ధరకు రొట్టె అమ్మించే ఏర్పాటు చేశాడు. సోమవారం గుర్రమెక్కి, రొట్టెలవాళ్లు నిజంగా ఆ ధరకే అమ్ముతున్నారో లేదో చూసి వచ్చేవాడు. ఆదివారం రొట్టె గురించి బోధించిన మనిషి సోమవారం రొట్టె తూకం చూస్తున్నాడన్నమాట. గృహ దర్శనాలకు వెళ్లని కాపరి ప్రసంగంలో ప్రశ్నలన్నీ ఆయన సొంతవే ఉంటాయి. అప్పులవాడి ఫోనుకు భయపడుతున్న ఇల్లు, తాగుబోతు కొడుకున్న ఇల్లు, గల్ఫుకు వెళ్లిన మనిషి ఏడాదిగా పలకని ఇల్లు ఆ ప్రసంగంలో ఉండవు. అలాంటి ఇంటి అరుగు మీద అరగంట కూర్చున్నవాడికి, కీర్తనల గ్రంథంలో "ఎంతకాలము?" అన్న మాటను ఎలా చదవాలో ఏ పుస్తకమూ నేర్పనక్కరలేదు.

డబ్బు సంగతి ముక్తసరిగా చెబుతాను, ఎందుకంటే దీనిలో చిక్కేమీ లేదు, చేయాలన్న మనసు ఉంటే చాలు. యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను మోసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ నింద వేయకుండా పౌలు ఇతరులను తోడు తీసుకున్నాడు. ఆయన కంటే నమ్మదగినవాళ్లమని అనుకునేవారు ఒంటరిగా కానుకల పెట్టె తెరవవచ్చు. మిగిలినవాళ్లు ఇద్దరి ఎదుట లెక్కపెట్టి, ఆ కాగితం మీద ముగ్గురి సంతకాలు చేయించి, నెలకోసారి గోడకు అంటించాలి. నేను లెక్కలు రాసిన రోజుల్లో కాపరి ఇంటి ఖర్చు, సంఘం ఖర్చు ఒకే జేబులోంచి నడిచిన ఏడాది ఒకటి ఉంది. ఎవరూ దొంగతనం చేయలేదు. అయినా ఆ ఏడాది తర్వాత ఆయన దశమ భాగం గురించి, అంటే రాబడిలో పదో వంతు కానుకగా ఇవ్వడం గురించి, ఏం చెప్పినా జనం నేల చూపులు చూశారు.

అలసట గురించి మాత్రం కొంచెం ఆగాలి. సేవలో కుంగిపోవడం విశ్వాసం లేకపోవడమని మనవాళ్లు తేల్చేస్తారు. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త ఏలీయా, ఆ వెంటనే బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఆయనకు బోధ చేయలేదు, ఉపవాసం చేయమనలేదు. వేడి రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాట తర్వాత వచ్చింది. వారానికి ఆదివారం రెండు ఆరాధనలు, మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో మూడు ఇళ్లలో కూడికలు, రాత్రి పదకొండు దాకా ప్రార్థన కోసం ఫోన్లు. ఇది ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నడుస్తుంది, నలభైకి కూలుతుంది. కుటుంబం అంతకంటే ముందే కూలవచ్చు. సిమియోనుకు 1807లో గొంతు పోయింది. ప్రసంగం అయ్యాక గుసగుస కంటే పెద్దగా మాట్లాడలేని స్థితి సుమారు పదమూడేళ్లు సాగింది. అరవై నిండితే విశ్రాంతి తీసుకుందామనుకున్నాడు. 1819లో స్కాట్లాండు ప్రయాణంలో బలం తిరిగి వచ్చింది, ఇంకో పదిహేడేళ్లు పనిచేశాడు. మధ్యలోని ఆ పదమూడేళ్లూ చర్చి నడవడానికి కారణం ఆయన తయారుచేసిన సహాయకులు. బోధకుడి గొంతు పోతే ఆగిపోయే సంఘం, సంఘం కాదు, సభ.

అంతకుముందు ఆయన దగ్గర సహాయకులుగా పనిచేసినవాళ్లలో ఒకడు హెన్రీ మార్టిన్. 1806లో కలకత్తాకు వచ్చి, కొత్త నిబంధనను ఉర్దూ, పారశీక భాషల్లోకి తెచ్చి, 1812లో ముప్పై ఒక్క ఏళ్లకే టర్కీలోని తోకత్‌లో చనిపోయాడు. అతడి బొమ్మను సిమియోను తన గదిలో పొయ్యికి పైన గోడకు తగిలించుకున్నాడు. ఎటు తిరిగినా ఆ కళ్లు తననే చూస్తూ "ఆషామాషీగా ఉండకు" అంటున్నట్టు ఉంటాయని అతిథులకు చూపించేవాడు. 1799లో చర్చ్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా సిమియోను చేయి అందులో ఉంది. కేంబ్రిడ్జిలో చదువుకున్న రాబర్ట్ నోబుల్ ఆ సంస్థ తరఫునే 1841లో మచిలీపట్నం వచ్చి, బడి పెట్టి, 1865లో అక్కడే మట్టిలో కలిశాడు. తాళాలు వేసుకున్న కుటుంబాల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తు లేవు. ఆ గదిలో ప్రసంగం అల్లడం నేర్చుకున్నవాళ్లు మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లారు.

ఇంత చెప్పి ఒంగోలు ఊసెత్తకపోతే తెలుగు పాఠకులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. నెల్లూరులో అమెరికన్ బాప్తిస్టు మిషను 1840 నుంచి ఉన్నా, ఫలితం లేదని దాన్ని మూసేయాలన్న మాట పైవాళ్ల దగ్గర ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1866లో ఆ మిషను తరఫున జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. తొలి విశ్వాసుల్లో ఒకడు ఎర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఊరూరా తిరిగే వ్యాపారం, ఊరూరా చుట్టాలు. సువార్త నడిచింది ఆ దారుల్లోనే. దొర ప్రసంగం కంటే తమలో ఒకడి మాట త్వరగా చెవికెక్కుతుందని క్లౌ గ్రహించాడు. స్థానిక బోధకులకు 1872లో రామాయపట్నంలో క్రైస్తవ వేదాంత పాఠశాల మొదలైంది.

తర్వాత 1876 నుంచి 1878 వరకు మహా కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బోధకులు ఆ కూలీల మధ్యే మేస్త్రీలుగా ఉంటూ, సాయంత్రాలు వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం అడగసాగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, సహాయం ముగిసేదాకా ఏడాదికి పైగా ఆపాడు. లెక్కలు పెంచి చూపడానికి అంతకంటే మంచి అవకాశం ఏ సేవకుడికీ రాదు.

సహాయం ఆగింది. జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో ఉన్నది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఆ ఇద్దరూ అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రానికి ముగించారు. క్లౌకు ఒడ్డున చూసుకోవలసిన పని చాలా ఉంది. ఆ రోజు ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.